తరగతి గదికి ఏం కొనాలి? ఒకసారి వెనక బెంచీలో కూర్చుని చెప్పండి

మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్ళుగా ఒకటే చర్చ. పాతికేళ్ళ ఆత్మీయ సమ్మేళనం పెట్టుకుంటున్నాం కదా, చదువుకున్న జిల్లా పరిషత్ హైస్కూలుకి ఏదైనా చేద్దాం అన్నారు. తలా కొంత వేసుకుంటే మూడు లక్షల దాకా పోగయ్యాయి. ఏం కొనాలి అన్న దగ్గర బండి ఆగింది. డల్లాస్‌లో ఉన్న మిత్రుడు ఒక పెద్ద టచ్ ప్యానెల్ ఫొటో పెట్టి, "ఐడియల్ క్లాస్‌రూమ్ అంటే ఇలా ఉండాలి, మన గదిలో ఇదే పెడదాం" అన్నాడు. నిమిషాల్లో అందరూ బొటనవేళ్ళు పెట్టేశారు. కాసేపటికి ఎవరికో గుర్తొచ్చింది, గ్రూపులో ఒక లెక్కల టీచరు కూడా ఉందని, అంటే నేను. "నువ్వు రోజూ తరగతి గదిలోనే ఉంటావు కదా, ఓ లిస్టు రాసి పెట్టవా" అన్నారు.

లిస్టు రాద్దామని కూర్చుంటే ఇలా సాగింది. గ్రూపులో పెడితే ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. తరగతి గదికి కొనే సామాను రెండు రకాలు. ఒకటి పాఠాన్ని పిల్లలకు చూపించేది. రెండోది పిల్లలకి ఎంతవరకు ఎక్కిందో టీచరుకి చూపించేది. ప్రభుత్వమైనా దాతలైనా మొదటి రకానికే డబ్బు పోస్తారు, ఎందుకంటే అది పెద్దగా ఉంటుంది, వెలుగుతుంది, ప్రారంభోత్సవం రోజు ఫొటోలో బాగా పడుతుంది. రెండో రకం చవక, చూడ్డానికి ఏమీ ఉండదు. దాత పేరు చెక్కించిన ప్లేటు ప్యానెల్ కింద ఎంచక్కా అతుకుతుంది గానీ కాగితాల కట్ట మీద ఎక్కడ అతికిస్తాం చెప్పండి. కానీ రోజూ బోర్డు ముందు నిలబడే మనిషిగా నాకు ఏది ఎక్కువ అవసరం అని అడిగితే మాత్రం, రెండోదే.

"అర్థమైంది టీచర్" అనే కోరస్

ఏడో తరగతిలో పూర్ణ సంఖ్యలు చెప్పినప్పుడు మా బడిలోని ప్యానెల్ మీద ఒక యానిమేషన్ వేశాను. నిజంగా బాగుంది. సంఖ్యారేఖ మీద ఒక కప్ప కుడికీ ఎడమకీ గెంతుతూ ఉంటుంది. పిల్లలు కళ్ళార్పకుండా చూశారు, అర్థమైందా అంటే గది దద్దరిల్లేలా "అర్థమైంది టీచర్" అన్నారు. ఆ తర్వాత ఎందుకో అనిపించి, అందరినీ పలకలు తీయమన్నాను. (మా బడిలో కొన్ని పాత పలకలు ఉన్నాయి, ప్రైమరీ స్కూలు వాళ్ళు ఇచ్చినవి.) బోర్డు మీద మైనస్ మూడు లోంచి అయిదు తీసేస్తే ఎంత అని రాసి, జవాబు రాసి పైకెత్తమన్నాను.

సగం పలకల మీద ప్లస్ ఎనిమిది.

ఈ తప్పు లెక్కల టీచర్లందరికీ తెలిసిందే. "మైనస్ మైనస్ ప్లస్" అని ఎక్కడో విన్నారు, అది గుణకారం సంగతని వాళ్ళకి తెలియదు, రెండు మైనస్‌లు కనబడితే చాలు కలిపేసి ప్లస్ పెట్టేస్తారు. కప్ప ఎన్ని గెంతులు గెంతినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. పలక ఎత్తకపోతే నేను హాయిగా తర్వాతి అభ్యాసానికి వెళ్ళిపోయేదాన్ని, యూనిట్ టెస్టులో మార్కులు చూసి పిల్లలు చదవట్లేదని స్టాఫ్ రూములో వాపోయేదాన్ని.

ఇక్కడ యానిమేషన్ తప్పేమీ లేదు, అది దాని పని చేసింది. నలభై మంది పిల్లల్లో ఎవరు ఎక్కడ తప్పారో చెప్పడం దాని పని కాదు. ఆ పని ఇరవై ముప్ఫై రూపాయల పలక చేసింది. మనం ఒకటో తరగతితోనే వదిలేసే పలకకి ఒక గొప్ప గుణం ఉంది: నలభై జవాబులు ఒక్క చూపులో కనిపిస్తాయి, తప్పు రాసినవాడు తుడిచేసుకోవచ్చు, ఎక్కడా మిగలదు. నోటుపుస్తకంలో ఎర్ర ఇంకు గీత పడితే పిల్లలు దాన్ని ఏడాదంతా మోస్తారు.

తొమ్మిది, పది తరగతుల వాళ్ళు మాత్రం పలక అంటే సిగ్గుపడతారు, "మళ్ళీ ఒకటో క్లాసా టీచర్" అని నవ్వుతారు. దానికి ఒక తెల్ల ఏ4 కాగితాన్ని లామినేషన్ చేయించి, మార్కరు చేతికిస్తే సరిపోతుంది. అది కూడా పలకే, కాకపోతే పేరు మారింది కాబట్టి సిగ్గు లేదు.

చేతిలో ఒక ఫోను ఉన్న టీచరుకి ఇదే పని చేసే ఇంకో పద్ధతి ఉంది, ప్లికర్స్ అని. ఒక్కో పిల్లకీ క్యూఆర్ కోడు లాంటి ఒక కాగితపు కార్డు. దాన్ని నాలుగు వైపులా తిప్పి పట్టుకోవచ్చు, ఏ వైపు పైకి ఉంటే అది జవాబు. టీచరు ఫోను కెమెరాతో గదిని ఒకసారి అలా తిప్పి చూస్తే ఎవరు ఏ జవాబిచ్చారో నమోదైపోతుంది. పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కష్టం, ఎందుకంటే ఒక్కో కార్డు గీతలు ఒక్కోలా ఉంటాయి. పిల్లలకి పరికరాలే అక్కర్లేదు. నెట్ కావాలి, టీచరు సొంత ఫోను వాడాలి అన్నవి దీని లోపాలు. సొంత ఫోను అనగానే మా వాళ్ళకి ఎందుకు ఒళ్ళు మండుతుందో బయటివాళ్ళకి తెలియకపోవచ్చు. కొన్నేళ్ళు హాజరుకి, మధ్యాహ్న భోజనానికి, ఆఖరికి మరుగుదొడ్ల ఫొటోలకి కూడా మా ఫోన్లే వాడించారు. బడిలోకి వచ్చిన టెక్నాలజీలో పాఠానికి పనికొచ్చిన దానికంటే పైవాళ్ళకి లెక్క చెప్పడానికి పనికొచ్చిందే ఎక్కువ అని టీచర్లు అంటే, అది ఉత్త గొణుగుడు అనుకోకండి.

ప్యానెల్ మీద నా గొడవ

ఇప్పుడు డల్లాస్ మిత్రుడి ప్యానెల్ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద ఇవి వేల సంఖ్యలో బడులకి వచ్చాయి, తెలంగాణలో మన ఊరు మన బడి కింద కూడా వచ్చాయి. కాబట్టి ఇది ఊహించి చెప్పడం కాదు, వాడి చూసే చెబుతున్నాను.

మొదటిది సైజు. షోరూములో 65 అంగుళాల ప్యానెల్ చూస్తే గోడంత ఉన్నట్టు అనిపిస్తుంది. దాని చిత్రం ఎత్తు దాదాపు 32 అంగుళాలు. తెర మీది వివరాలు చదవాలంటే చూసేవాళ్ళు ఆ ఎత్తుకి ఆరు రెట్ల దూరం లోపలే ఉండాలని ఇలాంటివి బిగించేవాళ్ళు ఒక లెక్క వాడతారు. ఆరు ముప్ఫై రెళ్ళు 192 అంగుళాలు, అంటే 16 అడుగులు. మా గది పొడవు 24 అడుగులు. చివరి రెండు మూడు వరుసలు ఆ లెక్కకి బయటే. 75 అంగుళాలది కొన్నా 18 అడుగుల దగ్గర ఆగుతుంది. గది వెనక కూర్చునే పిల్లలెవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. లక్ష పైచిలుకు పోసి కొన్న వస్తువు ముందు బెంచీల వాళ్ళకే పనికొస్తే, ఆ గదిలో ముందూ వెనకా తేడా ఇంకాస్త పెరిగినట్టే.

నల్లబల్లకి ఈ బాధ లేదా అంటే, ఉంది. కానీ బల్ల పొడవు పది పన్నెండు అడుగులు, అక్షరం ఎంత పెద్దదిగా రాయాలో నా చేతిలో ఉంటుంది, వెనక నుంచి "కనబడట్లేదు టీచర్" అంటే వెంటనే పెద్దగా రాస్తాను. ప్యానెల్ మీద వచ్చే వీడియో పాఠాల్లో అక్షరాలు ఎక్కడో స్టూడియోలో కూర్చున్నవాళ్ళు నిర్ణయించారు. పైగా ఒక లెక్క మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా బల్ల మీద ఒకేసారి కనబడుతుంది, మూడో మెట్టు దగ్గర ఆగిపోయిన పిల్లవాడు వెనక్కి చూసుకోవచ్చు. తెర మీద స్లైడు మారిందంటే ఆ మెట్టు మాయం.

రెండోది వెలుతురు. మా గది కిటికీలు పడమటి వైపు. మధ్యాహ్నం రెండు దాటితే ఎడమ వైపు కూర్చున్న ఆడపిల్లలకి తెర మీద కిటికీ ఊచలు తప్ప ఏమీ కనబడవు. కిటికీలు మూస్తే ఉక్క. కర్టెన్లు ఎస్టిమేటులో లేవు.

మూడోది కరెంటు. మా ఊళ్ళో పోయి రావడం మామూలే. ప్యానెల్ ఆగి మళ్ళీ లేచే లోపు పీరియడ్‌లో ఒక ముక్క పోతుంది, ఆ ముక్కలో పిల్లల్ని మళ్ళీ దారిలో పెట్టడానికి ఇంకో ముక్క. పీరియడ్ అంటే 45 నిమిషాల లోపే కదా. మా దగ్గర ఒకసారి ఉరుముల వానకి ఒక ప్యానెల్ కాలిపోయింది. వారంటీలో పిడుగు లేదన్నారు. అప్పట్నుంచి మబ్బు పట్టిందంటే హెచ్.ఎం. గారు అటెండర్ని పంపి ప్లగ్గులు పీకించేస్తారు. ఆయన్ని ఏమీ అనలేం, రేపు ఆడిటింగులో సమాధానం చెప్పాల్సింది ఆయనే. విలువైన వస్తువు బడిలో ఉంటే దాన్ని వాడటం కంటే కాపాడటం పెద్ద పనైపోతుంది. పోయినా ఎవరూ ఏడవని వస్తువే పిల్లల చేతుల్లో స్వేచ్ఛగా తిరుగుతుంది.

అయితే మరీ ఏకపక్షంగా మాట్లాడకూడదు. మా బయాలజీ టీచరు నా మాటలు విని ఒప్పుకోలేదు. "గుండెలో కవాటాలు తెరుచుకుని మూసుకోవడం నువ్వు చాక్‌పీసుతో గీసి చూపించు చూద్దాం" అంది. నిజమే. కణ విభజన, రక్తప్రసరణ, భూమి వాలు వల్ల రుతువులు మారడం, ఇవి కదిలితేనే అర్థమయ్యే సంగతులు. సోషల్ టీచరుకి మ్యాపులు కావాలి. ఇంగ్లీషుకి ఉచ్చారణ వినిపించాలి. కదలిక అవసరమైన చోట తెర కావాలి, ఆ మాట కాదనను. కానీ దానికి ప్రతి గదికీ ఒక టచ్ ప్యానెల్ ఎందుకు? తోపుడు బల్ల మీద ఒక ప్రొజెక్టరు, ఒక పాత లాప్‌టాప్, ఒక స్పీకరు ఉంటే ఏ గదికి కావాలంటే ఆ గదికి పోతుంది. బొమ్మ గోడ మీద ఎంత పెద్దదిగా కావాలంటే అంత పెద్దది, అంటే చివరి బెంచీ గొడవ కూడా తీరుతుంది. పగటి వెలుతురులో బొమ్మ వెలిసిపోతుంది, దుమ్ము పడుతుంది అన్నవి నిజమైన ఇబ్బందులే. అందుకని ఒక గదిని కాస్త చీకటి చేసుకుని అక్కడికే పిల్లల్ని తీసుకెళ్ళడం కొన్ని బడుల్లో చేస్తున్నారు. టచ్ మాత్రం ఎవరికి కావాలో నాకు ఇంతవరకు అర్థం కాలేదు. తాకేది టీచరు ఒక్కరే, పిల్లలు చేతులు కట్టుకుని చూస్తారు.

ట్యాబులు కదా పరిష్కారం?

గ్రూపులో ఇంకో స్నేహితురాలు, సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, అడిగింది: "నువ్వు చెప్పేదాన్ని బట్టి ఒక్కో పిల్లకీ ఒక్కో ట్యాబ్ ఉండాలి కదా? ఎవరెక్కడ తప్పారో సాఫ్ట్‌వేరే చెబుతుంది."

చాలా మంచి ప్రశ్న. నా వాదనకి గట్టి దెబ్బ తగిలేది ఇక్కడే. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనం 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ అనే పత్రికలో వచ్చింది. లాటరీ తీసి కొందరు పిల్లలకి అవకాశం ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ బాగా తేడా వచ్చింది. ఎందుకు వచ్చింది అన్నదే అసలు విషయం. వాళ్ళలో ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కర్ని పరీక్షించి వాళ్ళున్న చోట నుంచి మొదలుపెట్టింది. ఆరో తరగతి పుస్తకాన్ని రంగుల్లో చూపించడంతో సరిపెట్టలేదు, నాలుగో తరగతి లెక్క దగ్గరికి వెనక్కి తీసుకెళ్ళింది. అంటే పిల్లవాడి స్థాయిని పట్టుకోవడమే దాని బలం. నేను పలకతో చేసే పనే అది, కాకపోతే నాకంటే ఓపిగ్గా, ఒక్కొక్కరికీ విడివిడిగా చేస్తుంది. నేను నలభై మందికి నలభై చోట్ల మొదలుపెట్టలేను. ఇది ఒప్పుకోవాల్సిందే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ సాఫ్ట్‌వేర్ నడిచింది బడిలో కాదు, విడిగా పెట్టిన కేంద్రాల్లో. అక్కడ పిల్లలు గంటన్నర ఉండేవాళ్ళు. సగం సేపు సాఫ్ట్‌వేర్, మిగతా సగం సేపు పదిహేను మంది లోపు పిల్లలతో ఒక సహాయకుడు కూర్చుని చెప్పడం. అది బడి అయ్యాక, లేదా బడికి ముందు. ఆ ఫలితాన్ని చూపించి బడిలో ట్యాబులు పంచేస్తే అదే జరుగుతుందని అనుకోవడానికి వీల్లేదు.

పంచితే ఏమవుతుందో పెరూ దేశం చూసింది. పిల్లకో లాప్‌టాప్ పథకం కింద అక్కడ పల్లె బడులకి లాప్‌టాప్‌లు ఇచ్చారు. 319 బడుల్లో పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. కంప్యూటర్లు విపరీతంగా పెరిగాయి, లెక్కల్లో, భాషలో మాత్రం తేడా కనబడలేదు. యంత్రం వచ్చింది, పిల్లవాడు ఎక్కడున్నాడో చూసే ఏర్పాటు దానితో రాలేదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకీ వాళ్ళ టీచర్లకీ కలిపి అయిదు లక్షల పైచిలుకు ట్యాబులు ఇచ్చారు, బైజూస్ అనే కంపెనీ పాఠాలు లోపల పెట్టి. మరుసటి ఏడాది మళ్ళీ కొత్త ఎనిమిదో తరగతికి ఇచ్చారు. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. దీన్ని పట్టుకుని రెండు పార్టీల వాళ్ళూ ఎన్ని మాటలు అనుకున్నారో మీకు తెలుసు, ఆ గొడవలోకి నేను పోను. నాకు పట్టిన సంగతి వేరే. బడికి కొనే వస్తువు పిల్లవాడు బడిలో ఉన్నంత కాలమైనా బతకాలి కదా, దాన్ని నడిపే కంపెనీ అంతకాలం ఉంటుందో లేదో కొనేటప్పుడు ఎవరు అడుగుతున్నారు? పాఠ్యపుస్తకం అచ్చేసిన ప్రెస్ మూతపడినా పుస్తకం తెరుచుకుంటుంది.

పుస్తకం అంటే గుర్తొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి వచ్చిన పాఠ్యపుస్తకాలు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే తెలుగులో ఉంటాయి. ఇంగ్లీషు మీడియం మంచిదా కాదా అన్న చర్చ ఎలా ఉన్నా, గత కొన్నేళ్ళలో తరగతి గదిలోకి వచ్చిన వాటిలో నిజంగా పనికొచ్చిన టెక్నాలజీ ఇదే అని నేను గట్టిగా అంటాను. ఛార్జింగ్ అక్కర్లేదు, పిల్లవాడు అర్థం కాని చోట తనంతట తనే పక్క పేజీకి చూపు తిప్పుతాడు. ఆ చూపు ఎక్కడ తిరుగుతోందో గమనిస్తే ఏ వాక్యం దగ్గర ఆగాడో నాకూ తెలుస్తుంది.

స్వీడన్ వాళ్ళు 2023లో తెరలు తగ్గించి మళ్ళీ అచ్చు పుస్తకాలకి డబ్బు కేటాయించారన్న వార్త ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది, ప్యానెల్ వద్దనేవాళ్ళ బ్రహ్మాస్త్రంలాగా. నేను దాన్ని వాడను. అక్కడ ప్రతి పిల్లకీ పరికరం ఉండి, ఎక్కువైందని తగ్గించుకుంటున్నారు. మన సమస్య వేరే.

రిపేరు చేసేది ఎవరు

వస్తువు కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది పాడైతే సోమవారం పొద్దున ఎవరు వచ్చి చూస్తారు అని. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నడిచిన సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం గురించి మా నాన్న చెబుతుండేవారు. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు వచ్చేవి, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున పూట బడి పిల్లలకి పాఠాలు. యాంటెన్నా గొడుగుని కోళ్ళ దొడ్లకి కట్టే ఇనుప వలతో చేశారు. కరెంటు లేని ఊళ్ళలో బ్యాటరీతో నడిపారు. మరమ్మతు బృందాల్ని ముందే సిద్ధం చేసుకున్నారు. అంత పెద్ద ఉపగ్రహం పైన పెట్టుకుని కింద పల్లెటూరి కమ్మరి కూడా అతకగలిగే వల వాడారు చూడండి, ఆలోచించి ఎంచుకోవడం అంటే అదీ.

కేరళ వాళ్ళు కూడా ఈ ప్రశ్నని ముందే వేసుకున్నారు. కైట్ అనే ప్రభుత్వ సంస్థ 4,752 బడుల్లో 45,000 గదులకి లాప్‌టాప్, ప్రొజెక్టరు, స్పీకరు పెట్టింది, అన్నీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద. టచ్ ప్యానెల్స్ జోలికి పోకుండా మామూలు సామాను ఎంచుకుంది. టీచర్లకి శిక్షణ ఇచ్చింది, లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టి చిన్న చిన్న రిపేర్లు వాళ్ళకీ నేర్పింది. ఇక్కడ నా వాదనకి ఒక ఇబ్బంది ఉంది, దాచను: కేరళ కొన్నది కూడా నేను చెప్పిన మొదటి రకం సామానే, పాఠాన్ని చూపించేదే. అయినా అక్కడ వాడుకలో ఉండటానికి కారణం, అది పాడైతే చూసే మనిషి బడిలోనే ఉండటం అని నా నమ్మకం. మా బ్యాచ్ మూడు లక్షలు ఇవ్వగలదు గానీ ఆ మనిషిని ఇవ్వలేదు.

మరి లిస్టులో ఏముంది

ముందుగా కళ్ళద్దాలు. నవ్వకండి. మా తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు ఎప్పుడూ పక్కవాడి నోట్సులోంచే ఎక్కించుకునేవాడు, బద్ధకం అని అందరం తిట్టాం. కంటి క్యాంపులో చూస్తే దూరపు చూపు బాగా తక్కువ. ప్రభుత్వాలు కంటి వెలుగు లాంటివి పెడతాయి, పరీక్షలు జరుగుతాయి, కానీ మధ్యలో చేరిన పిల్లలు, అద్దాలు పగలగొట్టుకున్న పిల్లలు మిగిలిపోతారు. చైనాలో 252 బడుల్లో ఉచితంగా అద్దాలిచ్చి చూశారు, లెక్కల మార్కులు మెరుగయ్యాయి. ఆ అధ్యయనం 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఏటా జూన్‌లో ఒక కంటి డాక్టర్ని తీసుకొచ్చి అద్దాలు చేయించడానికి మన డబ్బులో చిన్న ముక్క చాలు.

తర్వాత మంచి బోర్డు, దాని మీద పడేలా ఒక లైటు. ఒక మామూలు ఇన్వర్టరు, ఫ్యాన్లకీ లైట్లకీ సరిపడా. వెనక గోడకి సాఫ్ట్‌బోర్డు: పిల్లల పనులు అంటించడానికి, పనిలో పనిగా గదిలో మాట మారుమోగకుండా కొంత ఆపడానికి. అమెరికాలో తరగతి గదికి శబ్దం విషయంలో ఒక ప్రమాణం ఉంది, ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో రొద 35 డెసిబెల్స్ దాటకూడదు, మాట మోత 0.6 సెకన్లలో అణిగిపోవాలి అని. మన స్లాబు గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆ మొదటి అంకె అందుకోవడం కల్ల. అందుకే సగం మంది టీచర్లకి గొంతు పోయి, కాలర్ మైకు కొనుక్కుంటున్నారు. దాన్ని లిస్టులో పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించాను. గొంతు నొప్పి నిజం. కానీ మైకు వచ్చాక పిల్లల మాట ఇంకా చిన్నదైపోతుంది, పక్క గది వాళ్ళకి మన పాఠం కూడా వినబడుతుంది. కావాలన్న టీచరుకి ఇద్దాం, గదికి బిగించొద్దు.

నేను గట్టిగా పట్టుబట్టేది రెండింటికి. ఒకటి ఇంక్ ట్యాంక్ ప్రింటరు, రెండేళ్ళకి సరిపడా కాగితం. నిన్న పిల్లలు చేసిన తప్పుల్ని బట్టి ఇవాళ అయిదు ప్రశ్నలు రాసి, మూడు రకాలుగా అచ్చేసి, మూడు రకాల పిల్లలకి ఇవ్వగలిగితే నా క్లాసు మారిపోతుంది. ఇప్పుడు ఆ పని చేయాలంటే బజారుకి వెళ్ళి సొంత డబ్బుతో జిరాక్స్ తీయించాలి. రెండోది ఒక విజువలైజరు, అంటే మెడ వంచిన కెమెరా. కింద ఒక నోటుపుస్తకం పెడితే గోడ మీద పెద్దదిగా పడుతుంది. పిల్లవాడు చేసిన లెక్క వాడి చేతిరాతలోనే అందరూ చూసి, ఎక్కడ దారి తప్పిందో పిల్లలే పట్టుకుంటారు. దీనికి ఇందాకటి తోపుడు బల్ల ప్రొజెక్టరు కావాలి, కాబట్టి అదీ లిస్టులో ఉంది. దీనిలో ఒక ప్రమాదం: ఒక పిల్ల తప్పు గోడ మీద అంత పెద్దగా పడితే ఆ పిల్ల ఏమైపోతుంది? నేను పేరు కనబడకుండా కాగితం అడ్డం పెడతాను, పక్క సెక్షన్ వాళ్ళ లెక్క తెచ్చి వేస్తాను. అయినా చేతిరాత గుర్తుపట్టేవాళ్ళు ఉంటారు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, కొందరి పుస్తకాలు అసలు వేయను, అంతే.

చివరగా పలకలు, మార్కర్లు. మార్కర్లు ఎండిపోతాయి, పోతాయి, ఇంటికి వెళ్ళిపోతాయి. కాబట్టి వాటికి ఏటా కొంత పక్కన పెట్టాలి. అన్నీ కలిపినా మూడు లక్షలు దాటవు, మిగిలిన సొమ్ము హెచ్.ఎం. ఖాతాలో వేయకుండా బ్యాచ్ దగ్గరే ఉంచి రిపేర్లకి వాడదాం అని నా సూచన.

ఇదంతా విని సాఫ్ట్‌వేర్ స్నేహితురాలు అడిగిన ఆఖరి ప్రశ్న ఒకటుంది. "ఏఐ కాలంలో పిల్లల చేతికి పలక ఇస్తే రేపు వీళ్ళకి కంప్యూటర్ ఎలా వస్తుంది?" అని. లెక్కల క్లాసులో ప్యానెల్ చూసినంత మాత్రాన కంప్యూటర్ రాదు, టీవీ చూసి ఎవరూ టీవీ మెకానిక్ కాలేదు కదా. కంప్యూటర్ నేర్పాలంటే దానికి విడిగా ల్యాబు ఉండాలి, టైమ్‌టేబుల్లో పీరియడ్లు ఉండాలి, చెప్పే మనిషి ఉండాలి. మా బడిలో ఆ గదికి తాళం తీసి ఎన్నాళ్ళయిందో. దాని మీద వేరే రాస్తాను, ఎందుకంటే అక్కడ నా అభిప్రాయం దీనికి పూర్తిగా తలకిందులు: ఆ గదిలో మాత్రం ప్రతి పిల్ల ముందూ ఒక కీబోర్డు ఉండాలి, ఒకటి తగ్గినా నేను ఒప్పుకోను.